సెగగడ్డలు, చీము, సెల్యులైటిస్: చెన్నై తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల కత్తిరి వెయిల్‌లో సెగగడ్డలు, నవంబరు వానల్లో వాచిన కాళ్లు. మా క్లినిక్‌లో ఏటా ఇదే వరస. తరాలుగా షావుకారుపేటలో ఉన్నవాళ్లు, వేళచ్చేరి పీజీల్లో ఉండే ఐటీ పిల్లలు, శ్రీకాకుళం నుంచి వచ్చి పెరుంబాక్కం వైపు భవన నిర్మాణంలో పనిచేసేవాళ్లు, అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. చర్మానికి వచ్చే బాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం శరీరమే సర్దుకుంటుంది. కొన్నింటికి మాత్రం గంటల్లో ఆస్పత్రికి చేరాలి. ఏది ఏదో ఇంట్లోవాళ్లు గుర్తుపట్టగలగాలన్నదే నా తాపత్రయం.

సెగగడ్డ ఎందుకు వస్తుంది? ఒంట్లో వేడి చేసిందనీ, మామిడిపండ్లు తిన్నారనీ అంటారు, నిజమేనా?

వెంట్రుక కుదురులోకి బాక్టీరియా దిగితే సెగగడ్డ వస్తుంది. చాలాసార్లు ఆ బాక్టీరియా స్టాఫిలోకాకస్ ఆరియస్, మనం స్టాఫ్ అందాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ దాదాపు పదిమందిలో ముగ్గురి ముక్కులో అది ఏ ఇబ్బందీ పెట్టకుండా కాపురముంటుంది. ముక్కులోంచి వేలికి, వేలి నుంచి చంకకో తొడకో చేరుతుంది.

ఎండాకాలంలో ఎక్కువగా రావడానికి కారణం చెమట. తడి, రాపిడి, బిగుతు బట్టలు, చెమటకాయలను గోకడం, ఇవన్నీ కలిసి చర్మం మీద సన్నని చీలికలు చేస్తాయి. మామిడిపండ్లు వచ్చేదీ అదే కాలం కాబట్టి నింద వాటి మీద పడింది. మామిడి సొన తగిలి మూతి చుట్టూ మంట, దద్దురు రావడం నిజమే గానీ, పండు తిన్నందుకు తొడ మీద గడ్డ లేవదు. షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు, దాని గురించి కింద చెబుతాను.

ఇన్ని సూక్ష్మజీవుల మధ్య బతుకుతున్నాం కదా, మరి రోజూ ఎందుకు జబ్బు పడం?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. చర్మం పైపొరలో ఉన్నవి చనిపోయిన కణాలే. అవి ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, మధ్యలో కొవ్వు పదార్థంతో పూడుకుని ఉంటాయి. పైది రోజూ రాలిపోతూ ఉంటే కింది నుంచి కొత్తది వస్తుంది. సుమారు నెల రోజుల్లో పొర మొత్తం మారిపోతుంది. రాలే కణాలతో పాటే వాటి మీద కూర్చున్న బాక్టీరియా కూడా పోతుంది.

పైగా చర్మం కాస్త పుల్లనిది. దాని పీహెచ్ 5కి అటూ ఇటూ ఉంటుంది, చాలా హానికర బాక్టీరియాకు అది గిట్టదు. చెమటలో డెర్మ్‌సిడిన్ అనే పదార్థం, చర్మకణాల్లో డిఫెన్సిన్‌లు, ఇవి బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. మన ఒంటి మీద మామూలుగా ఉండే స్టాఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ లాంటి మంచి బాక్టీరియా కూడా కొత్తవాటికి చోటివ్వదు. రోజుకు నాలుగుసార్లు యాంటీసెప్టిక్ సబ్బుతో ఒళ్లు రుద్దుకునేవాళ్లను నేను వద్దనేది ఇందుకే. ఆ పులుపునూ ఆ కొవ్వునూ వాళ్లే కడిగేసుకుంటున్నారు.

ఇంత కాపలా దాటి లోపలికి వెళ్లాలంటే దారి ఒకటి కావాలి. గోరు గీత, పగిలిన మడమ, దోమకాటును గోకిన చోటు, రేజరు తెగిన చోటు, కాలివేళ్ల సందులో ఒరుపు, ఇవే దారులు.

దారి దొరికి లోపలికి వెళ్తే ఏం జరుగుతుంది?

అక్కడి కణాలు వెంటనే రసాయన సంకేతాలు వదులుతాయి. రక్తనాళాలు వెడల్పై ఆ చోటికి రక్తం ఎక్కువ వస్తుంది, అందుకే ఎరుపు, వేడి. నాళాల్లోంచి ద్రవం ఊరుతుంది, అందుకే వాపు. నరాల కొసలు రేగుతాయి, అందుకే సలుపు. చూసి భయపడతాం గానీ, ఈ నాలుగూ శరీరం పనిలోకి దిగిందనడానికి గుర్తులు.

కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు నాళం గోడలోంచి దూరి అక్కడికి చేరతాయి. మన ఎముక మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. అవి బాక్టీరియాను మింగి, లోపల ఘాటైన రసాయనాలతో చంపుతాయి. కొన్నయితే తమ డీఎన్ఏనే బయటికి వలగా విసిరి బాక్టీరియాను అందులో పట్టేస్తాయి, ఆ పనిలో తామూ చనిపోతాయి. తర్వాత మాక్రోఫేజ్‌లు అనే మరో రకం రక్షణ కణాలు వచ్చి శవాలను తిని చోటు శుభ్రం చేస్తాయి.

కణాలు ఇలా సూక్ష్మజీవులను మింగి మనల్ని కాపాడతాయన్న ఆలోచన 1882లో ఇటలీలోని మెస్సీనాలో మొదలైంది. ఎలీ మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త పారదర్శకంగా ఉండే సముద్ర నక్షత్రం పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకూ పాల్ ఎర్లిష్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే చీము అంటే చెడు రక్తం కాదా?

కాదు. చచ్చిన న్యూట్రోఫిల్స్, చచ్చినవీ బతికున్నవీ బాక్టీరియా, కరిగిపోయిన కండ, ఇదే చీము. రక్తం చెడిపోయి గడ్డలు రావడమనేది లేదు. రక్తశుద్ధి పేరుతో అమ్మే సిరప్‌లు గడ్డలను ఆపవు.

గజ్జల్లోనో చంకలోనో బిళ్ల కట్టడం కూడా ఈ పోరాటంలో భాగమే. ఆ ప్రాంతం నుంచి వచ్చే ద్రవాన్ని వడకట్టే లింఫ్ గ్రంథి అది. కాలి మీద పుండు మానితే బిళ్ల కూడా మెల్లగా తగ్గుతుంది. దాన్ని పిసకకూడదు.

కొందరికి గడ్డ ఒకేచోట ఉంటుంది, కొందరికి కాలంతా పాకుతుంది. తేడా ఎక్కడ?

ఏ బాక్టీరియా అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్టాఫ్ దగ్గర రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైమ్ ఉంది. దాంతో తన చుట్టూ ప్రహరీ గోడ కట్టుకుని లోపల కూర్చుంటుంది. అందుకే స్టాఫ్ చేసేవి ఎక్కువగా చీము గడ్డలు: సెగగడ్డ, గోరుచుట్టు, రెప్ప మీద కురుపు, నాలుగైదు కుదుళ్లు కలిసి వీపు మీదో మెడ మీదో లేచే పెద్ద గడ్డ. లోపలికి మందు సరిగా అందదు కాబట్టి బాగా పెరిగిన గడ్డకు కోసి చీము తీయడమే అసలు వైద్యం. మాత్రలు దానికి తోడు మాత్రమే, కొన్నిసార్లు అవీ అక్కర్లేదు.

స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బాక్టీరియా దారి వేరు, దీన్ని స్ట్రెప్ అందాం. కణాల మధ్య ఉండే జిగురును కరిగించే ఎంజైమ్‌లు, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించేవీ దాని దగ్గర ఉన్నాయి. అందువల్ల ఒకచోట నిలవకుండా చర్మం కింద పాకుతుంది. అదే సెల్యులైటిస్. ఇందులో మామూలుగా చీము ఉండదు, కోయడానికి ఏమీ ఉండదు, యాంటీబయోటిక్ కావాలి.

పోయిన వానాకాలంలో ఒక మేస్త్రి వచ్చాడు. ఎడమ పిక్క నున్నగా మెరుస్తోంది, చేయి పెడితే కాలిపోతోంది, వేలితో నొక్కితే గుంట పడుతోంది. గజ్జల్లో బిళ్ల. అతను పిక్కనే చూపిస్తున్నాడు. చెప్పు తీయించి చూస్తే నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం సిమెంటు నీళ్లలో నాని, తెల్లగా ఉబ్బి, నిలువునా చీలి ఉంది. లోపలికి దారి అదే. పిక్కకు మాత్రలిచ్చి వేళ్ల సందును వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. అందుకే అక్కడి ఫంగస్‌కు పూత మందు, రాత్రి కాళ్లు తుడుచుకుని ఆరబెట్టుకోవడం, పడుకున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోవడం, ఇవి కూడా చీటీలో రాశాను.

గడ్డను పిండేయొచ్చా?

వద్దు. పిండితే చీము బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంత పోతుంది. శరీరం కట్టిన హద్దును మనమే తెంపినట్టవుతుంది. ముక్కు పైనుంచి పెదవి మూలల దాకా ఉన్న చోట అసలు చెయ్యి పెట్టవద్దు. అక్కడి రక్తనాళాలకు మెదడు కింది నాళాలతో సంబంధం ఉంది. అరుదే అయినా, ఇన్ఫెక్షన్ అటు ఎక్కితే ప్రాణాంతకం.

చిన్న గడ్డకు ఇంట్లో చేయాల్సింది కాపడం. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగల వేడినీళ్లలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. దానంతట అదే పగిలితే సబ్బునీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి ఉంచాలి. రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, జ్వరం వచ్చినా, ముఖం మీదో మలద్వారం దగ్గరో ఉన్నా డాక్టరుకు చూపించాలి.

పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టొచ్చా?

పగలని చర్మం మీద పసుపు పెట్టుకుంటే పెద్ద నష్టం లేదు. తెరుచుకున్న పుండులో మాత్రం పొడులేవీ వేయవద్దు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. పేడలో, మట్టిలో ధనుర్వాతం బీజాలు ఉండొచ్చు. గాయమైతే కుళాయి కింద బాగా కడగడమే మేలైన మొదటి చికిత్స. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా గుర్తు తెచ్చుకోండి.

మా ఆయనది నల్లటి ఒళ్లు. ఎర్రబడిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎరుపు కోసం చూడకండి. మన చర్మం మీద అది ఊదారంగుగానో, పక్కదానికంటే ముదురు నలుపుగానో కనిపిస్తుంది, ఒక్కోసారి రంగు తేడా అసలు తెలియదు. అరచేతి వెనక భాగంతో రెండు కాళ్లనూ తాకి వేడి పోల్చండి. చర్మం గట్టిపడి మెరుస్తోందా, రెండో కాలికంటే లావుగా ఉందా, నొక్కితే నొప్పా అని చూడండి.

బాల్‌పెన్‌తో వాపు అంచు చుట్టూ గీత గీసి, పక్కన టైము రాయండి. ఇది నేను ప్రతి ఇంటికీ చెప్పే పని. మందు మొదలైన ఒకటి రెండు రోజులు అంచు కాస్త జరగడం చూశాను, జ్వరం, నొప్పి తగ్గుతుంటే కంగారు పడనక్కర్లేదు. గీత దాటి గంటగంటకూ ముందుకు పోతుంటే మాత్రం అప్పుడే బయల్దేరాలి.

ఏ లక్షణాలుంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి?

పైకి కనిపించేదానికీ పేషెంటు పడే బాధకూ పొంతన లేకపోతే. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. చర్మం మీద చిన్న మచ్చే ఉంటుంది, మనిషి మాత్రం కాలు తెగిపోతున్నట్టు అరుస్తుంటాడు. కండను కప్పి ఉండే పొర వెంబడి ఇన్ఫెక్షన్ పరుగెడుతుంటే ఇలా ఉంటుంది. దాన్ని నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ అంటారు. బాక్టీరియా వదిలే విషాలతో ఆ పొరకు రక్తమందక కుళ్లిపోతుంది. రక్తమే అందని చోటికి మందు కూడా అందదు. ఆపరేషన్ చేసి చచ్చిన భాగాన్ని తీసేయడం ఒక్కటే దారి, ఎన్ని గంటలు ఆలస్యమైతే అంత ప్రమాదం.

ఊదా లేక నల్లని బొబ్బలు, ముందు విపరీతంగా నొప్పి ఉన్న చోట తర్వాత స్పర్శ పోవడం, నొక్కితే చర్మం కింద చిటపటమనడం, చలిజ్వరం, మాట తడబడటం, మూత్రం తగ్గిపోవడం, గుండె దడ. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. నొప్పి తగ్గింది కదా, పొద్దున చూద్దాం అనుకోవద్దు. నరాలు చచ్చిపోయినా నొప్పి తగ్గుతుంది.

ఇంకొక సంగతి సిగ్గువల్ల దాచేస్తారు. షుగర్ ఉన్న మగవాళ్లకు మర్మాంగాల దగ్గర వాపు, నొప్పి, దుర్వాసన వస్తే అది ఇదే జబ్బు కావచ్చు. భార్యకు కూడా చెప్పకుండా రెండు రోజులు ఓర్చుకుంటారు. ఆ రెండు రోజుల్లోనే అంతా చేయి దాటిపోతుంది.

నాన్నగారికి షుగర్. కాలిమీద చిన్న పుండు. అంత టెన్షన్ పడాలా?

పడాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ గాయం దగ్గరికి చేరడం, మింగడం, చంపడం, మూడూ మందగిస్తాయి. కాళ్ల నాళాలు సన్నబడి వచ్చే రక్తమే తక్కువ. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నొప్పి లేదు కాబట్టి పుండు చిన్నదే అని ఆయన అంటారు, మీరు నమ్మకండి.

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్ల మంది. ప్రతి ఇంట్లో ఒకరున్నారనిపించడంలో వింత లేదు.

రోజూ రాత్రి పాదాలు చూడండి, అరికాళ్లు చూసుకోలేకపోతే అద్దం పెట్టుకోండి. పురట్టాసిలో తిరుమలకు కాలినడకన వెళ్లేవాళ్లు, మండుటెండలో గుడి రాళ్ల మీద ఒట్టికాళ్లతో ప్రదక్షిణ చేసేవాళ్లు షుగర్ పేషెంట్లయితే నాకు ప్రాణం కొట్టుకుంటుంది. కాలి బొబ్బలెక్కినా వాళ్లకు తెలియదు. మొక్కు మానమనను. ఎండ దిగాక వెళ్లండి, మందమైన సాక్సులు వేసుకోండి, ఇంటికి రాగానే పాదాలు ఎవరితోనైనా చూపించుకోండి. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దు.

మెడికల్ షాపులో అడిగితే యాంటీబయోటిక్ ఇస్తున్నాడు. రెండు రోజులు వేసుకుంటే సరిపోదా?

1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసు కానిస్టేబుల్‌కు మొట్టమొదట పెన్సిలిన్‌తో చికిత్స చేశారు. ముఖం మీది ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ఉంది. మందు పడగానే తేరుకున్నాడు. కానీ ఉన్న కాస్త పెన్సిలిన్ అయిపోయింది, అతని మూత్రంలోంచి తిరిగి తీసి వాడినా చాలలేదు, చనిపోయాడు. ఆనాడు మందు లేక ప్రాణం పోయింది. ఇప్పుడు మందులు అలమారల నిండా ఉన్నా పనిచేయని పరిస్థితి వస్తోంది. మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగని స్టాఫ్ 1961లోనే బ్రిటన్‌లో బయటపడింది. ఎంఆర్‌ఎస్‌ఏ అని వింటుంటామే, అది ఇదే. ఇప్పుడది ఆస్పత్రుల బయట కూడా తిరుగుతోంది.

యాంటీబయోటిక్స్ ఇష్టానుసారం వాడకుండా ఏం చేయాలో చర్చించి డాక్టర్లు 2012 ఆగస్టులో మన ఊళ్లోనే చెన్నై డిక్లరేషన్ తెచ్చారు. మాత్రల అట్ట మీద నిలువు ఎర్రగీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. మీరు ఊహించి కొన్నది స్ట్రెప్‌కు పనిచేసేదై, ఉన్నది మొండి స్టాఫ్ అయితే, రెండు రోజులు వృథా. పైగా తర్వాత చీము పరీక్షకు పంపితే ఫలితం కూడా తారుమారు కావచ్చు. గడ్డ కోసినప్పుడు ఏ బాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు చీమును పంపుతారా అని అడగండి. అది అడగడం తప్పు కాదు.

ఒక ఊరట ఉంది. ఇన్నేళ్లయినా స్ట్రెప్ పయోజెనిస్ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మామూలు సెల్యులైటిస్‌కు సరైన మందు పడితే చాలామందికి ఐదు రోజుల కోర్సు సరిపోతుంది. ఎన్ని రోజులన్నది మీ డాక్టరు చెప్పాలి.

స్టిరాయిడ్ కలిసిన దురద క్రీములను గడ్డల మీద, సెల్యులైటిస్ మీద రాయకండి. అవి చర్మం రక్షణనే అణిచేస్తాయి.

పాప ముక్కు కింద తేనె రంగు పెచ్చులు కట్టాయి. స్కూలుకు పంపొచ్చా?

ఇంపెటిగో అయి ఉంటుంది, స్టాఫ్ వల్లో స్ట్రెప్ వల్లో వస్తుంది, తాకితే అంటుతుంది. నాలుగు పెచ్చులే అయితే డాక్టరు రాసే పూత మందు చాలు. మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచేదాకా బడికి పంపవద్దు. తర్వాత ఆరు వారాల దాకా ఒక కన్నేసి ఉంచండి. పొద్దున్నే ముఖం ఉబ్బినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే చూపించాలి. స్ట్రెప్ మీద పోరాడిన రోగనిరోధక వ్యవస్థ కొందరు పిల్లల్లో మూత్రపిండాలను వాపెక్కిస్తుంది.

అత్తగారికి బోదకాలు. ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడుతుంది. ఫైలేరియా తిరగబెట్టిందా?

ఎక్కువసార్లు అది పురుగు పని కాదు, బాక్టీరియాది. లింఫ్ నాళాలు దెబ్బతిన్న కాల్లో ద్రవం నిలిచిపోతుంది, రక్షణ కణాలు సరిగా తిరగలేవు, చర్మం మడతల్లో చీలికలు పడతాయి. రోజూ సబ్బుతో మడతమడతనూ కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. ఈ చిన్న పనితో జ్వరాలు ఎంత తగ్గుతాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. అయినా మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు జాగ్రత్తగా పెన్సిలిన్ ఇచ్చే పద్ధతి ఉంది, డాక్టరుతో మాట్లాడండి.

వరద నీళ్లలో నడిచి వచ్చాక ఏం చేయాలి?

2015లోనూ, 2023 మిచాంగ్ తుపానప్పుడూ మోకాటిలోతు నీళ్లలో నడిచిన ఊరు మనది. ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది, స్టాఫ్, స్ట్రెప్ కాని బాక్టీరియా కూడా ఉంటుంది. ఇంటికి రాగానే మంచినీళ్లు, సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టండి. గాయముంటే నీళ్లలోకి దిగకపోవడమే మంచిది. తర్వాత కాలు వాస్తే ఏ నీళ్లలో నడిచారో డాక్టరుకు చెప్పండి, మందు ఎంపిక దాన్ని బట్టి మారుతుంది. తాగుడువల్లో మరో కారణంవల్లో లివరు దెబ్బతిన్నవాళ్లు కాశిమేడు నుంచి తెచ్చిన పచ్చి చేపలు, రొయ్యలు శుభ్రం చేసేటప్పుడు గ్లవుజులు వేసుకోవాలి. సముద్రపు నీళ్లలోని ఒక రకం బాక్టీరియా వాళ్లకు ఒక్క రోజులో ప్రాణం మీదికి తెస్తుంది.

పీజీలో ఒకరి తర్వాత ఒకరికి గడ్డలు వస్తున్నాయి.

టవల్, రేజరు, సబ్బుబిళ్ల పంచుకోవడం ఆపండి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. జిమ్ బెంచీ మీద మీ టవల్ పరుచుకోండి. ఒకసారి గడ్డ వచ్చింది కాబట్టి ఇక రాదనుకోవడానికి లేదు. స్టాఫ్ మన యాంటీబాడీలను తలకిందులుగా పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది, దానికి టీకా కూడా ఇంకా రాలేదు. నెలనెలా వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి. ముక్కులో రాసే మందు, స్నానానికి క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటీసెప్టిక్ ఇచ్చి స్టాఫ్‌ను తగ్గించే పద్ధతి ఉంది, అయితే గదిలో అందరూ ఒకేసారి చేయాలి.

తమిళం సరిగా రాదు. ప్రభుత్వాస్పత్రికి వెళ్తే ఏం చెప్పాలి?

సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రిలో గానీ, స్టాన్లీలో, కీళ్పాక్కంలో గానీ వైద్యం ఉచితం, అత్యవసర విభాగం రాత్రంతా నడుస్తుంది. కాయ్చల్ అంటే జ్వరం, వీక్కం అంటే వాపు, వలి అంటే నొప్పి, ఈ మూడూ వస్తే చాలావరకు నెట్టుకు రావచ్చు. ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది, షుగర్ ఉందా, ఏ మందు పడదు, ఇప్పటికే ఏ మాత్రలు వేసుకున్నారు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాత్రల అట్ట పారేయకుండా జేబులో పెట్టుకోండి. కాలి మీద పెన్నుతో గీసిన గీతను తుడిచేయకండి.